బల్లి మీద అప్పీలు

చిక్కడపల్లి చరిత్రలో క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దానికి చెప్పుకోదగ్గ స్థానం ఏమీ లేదు. ఈ లోటును ఒంటిచేత్తో పూడ్చడానికి పూనుకున్నవాడు ధర్మారావు. ఆయనను ఈ పనికి ఎవరూ నియమించలేదు. మానెయ్యమని మాత్రం చాలామంది చెప్పారు.

ధర్మారావు తండ్రి కోస్తావాడు, కర్నూలు నుంచి రాజధానితో పాటు తరలివచ్చిన గుమాస్తాల్లో ఒకడు. ఫైళ్లు ఎక్కడుంటే తానూ అక్కడే అన్నది ఆయన జీవితసూత్రం. కొడుకు మాత్రం బషీర్‌బాగ్‌లో ఒక బీమా ఆఫీసులో, క్లెయిముల విభాగంలో చేరాడు. ప్రమాదాలు జరిగిపోయాక వచ్చే కాగితాలు చదవటం ఆయన ఉద్యోగం. ప్రమాదాలు జరగబోయే ముందు కనిపించే సూచనల గురించి చదవటం ఆయన వ్యసనం. ఆ సూచనలను రాసిపెట్టిన బాబిలోనియా పండితులు ఎప్పుడో గతించారు కాబట్టి, వాళ్ల వల్ల ఆఫీసు పనికి ఆటంకం కలిగేది కాదు.

ఇదంతా మొదలైంది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం, భార్య వేదవతికి కుట్టుపని పుస్తకం కొనిపెడదామని వెళ్లి, అట్టలేని అస్సీరియా-బాబిలోనియా భాషావ్యాకరణం కొనుక్కుని వచ్చాడు. పేజీల నిండా మేకులు చల్లినట్టున్న గుర్తులు చూసి వేదవతి, "ఇది కుట్టే పుస్తకమేనా? కుట్లు విప్పేదా?" అని అడిగింది. ఆమె నారాయణగూడలో ఒక బడిలో లెక్కల టీచరు. తేలని లెక్కంటే ఆమెకు ఒళ్లుమంట. అలాంటి మనిషి ఇంట్లో, శరాకార లిపి అనబడే ఆ తేలని లెక్క సంసారమంత కాలమూ సాగింది.

అశోక్‌నగర్‌లో వాళ్లుండేది కమలవ్వ ఇంటి పై వాటాలో. ఆ లిపి కాగితం మీద రాసేది కాదు, తడిమట్టి పలకల మీద రెల్లుపుల్లతో నొక్కేది. కాగితం మీద నేర్చుకుంటే చేతికి పట్టుబడదని ధర్మారావు నమ్మకం. అందుకని ఆయన మట్టి పిసికి, అరచేయంత పలకలు చేసి, వాటి మీద నొక్కి, డాబా మీద ఎండబెట్టేవాడు. పక్కనే కమలవ్వ వడియాలు ఎండుతుండేవి.

"ఏం సారూ, నీ బిస్కట్లు ఇంకా ఎండలేదా?" అని ఆమె రోజూ పలకరించేది.

"బిస్కట్లు కావు కమలవ్వ గారూ, పలకలు."

"ఏమైతేంది, కాకులైతే ముడుతలేవు. నా వడియాలనే ఎత్తుకపోతున్నయి."

కోస్తా మర్యాదకూ తెలంగాణ చుట్టరికానికీ మధ్య ధర్మారావు కుదుర్చుకున్న రాజీసూత్రం ఆ "కమలవ్వ గారు". "అవ్వ అన్నంక మళ్ల గారేంది?" అని ఆమె మొదట్లో నవ్వేది. తర్వాత అలవాటు పడింది.

చిక్కడపల్లి గ్రంథాలయంలో సాయంత్రాలు ఆయన కూర్చునే బల్లకు అటూ ఇటూ సివిల్ సర్వీసులకు తయారయ్యే కుర్రాళ్లు కూర్చునేవారు. అశోక్‌నగర్ గదుల్లో దేశపు భవిష్యత్ కలెక్టర్లంతా మంచానికి ఇద్దరు చొప్పున పడుకునే కాలం అది. వాళ్లలో ఒకడు ధర్మారావు పుస్తకంలోకి తొంగిచూసి, "సార్, దీంట్లో నుంచి బిట్లొస్తయా?" అని అడిగేవాడు. రావని తెలియగానే వాడి కళ్లలో ఆయన మీద అంతులేని జాలి కనిపించేది. 1991 యుద్ధం రోజుల్లో ఇరాక్ పేరు అందరి నోటా నలిగింది. అప్పుడైనా ఎవరైనా ఆ నేల మీద బతికిన పాతవాళ్ల గురించి అడుగుతారని ధర్మారావు ఎదురుచూశాడు. అందరూ పెట్రోలు గురించి అడిగారు.

ఆయనకు పెద్ద కోరికలు లేవు. పీఠాలు, సన్మానాలు, శాలువాలు అక్కర్లేదు. ఒక్క మనిషి, ఒకే ఒక్కరు, ఆ జనం గురించి, కేవలం తెలుసుకోవాలన్న కోరికతో, ఒక ప్రశ్న అడిగితే చాలు.

కోరికలు తక్కువైనవాడికి నియమాలు ఎక్కువ. ధర్మారావుది ఒకే నియమం. ఆ పలకలు ఎన్నో వందల ఏళ్లు మట్టిలో పడుండి విరిగినవి. వాక్యం సగంలో ఉండగా అంచు ఊడిపోయి ఉంటుంది. పండితులు ఊడిన చోట ఏముండేదో ఊహించి, బ్రాకెట్లలో పెట్టి పూరిస్తారు. ధర్మారావు పూరించడు. కంటితో చూడనిది ఉందని చెప్పడు. ఆఫీసులోనూ అంతే. కాగితం లేని క్లెయిము ఆయన బల్ల దాటి పోయేది కాదు. అక్కడ ఈ గుణం వల్ల ప్రమోషన్లు రాలేదు, ఇక్కడ స్నేహితులు రాలేదు.

1995లో ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో ఆయన వ్యాసం పడింది. బాబిలోనియా శకునాల గురించి. ఆకాశంలో మబ్బుల నుంచి గోడమీది చీమల దాకా ప్రతిదాన్నీ చూసి ఫలితం రాసుకున్న జనం వాళ్లు. వాళ్ల పలకల్లో బల్లుల మీద కూడా ఒక భాగం ఉంది. బల్లి మనిషి మీద పడితే ఏమవుతుందన్నది వరసగా రాసి పెట్టారు. మన పంచాంగాల చివర అచ్చయ్యే బల్లిపాటు ఫలితాలకూ దానికీ ఉన్న పోలికను ఒక పేరాలో ప్రస్తావించి, ఇందువల్ల రెంటికీ సంబంధం ఉందని చెప్పలేమని తర్వాతి రెండు పేజీల్లో జాగ్రత్తగా వివరించాడు. జనం ఆ ఒక్క పేరా చదివారు.

సోమవారం పొద్దున్నే మొదటి కేసు వచ్చింది. వచ్చినాయన బ్యాంకు ఉద్యోగి. కుడిభుజం మీద బల్లి పడింది. పంచాంగంలో ఉన్నది ఆయనకు నచ్చలేదు. బాబిలోనియాలో ఏమైనా మెరుగ్గా ఉందేమో కనుక్కుందామని వచ్చాడు. పెద్ద డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకున్నట్టు. తర్వాత మిఠాయి దుకాణం వాళ్లు వచ్చారు. తర్వాత ఒక భావి కలెక్టరు వచ్చాడు.

"సార్, బల్లి నా హాల్ టికెట్ మీద పడ్డది. మీ దాంట్ల ఉన్నదా?"

"బాబిలోనియాలో హాల్ టికెట్లు లేవు నాయనా."

"అయితే పరీక్షలు ఎట్ల పెట్టెటోళ్లు సార్?"

ఇది తాను ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్నే అనుకుని ధర్మారావు ముఖం వెలిగిపోయింది. లేఖకుల పాఠశాలల గురించి చెప్పటానికి గొంతు సవరించుకున్నాడు. కుర్రాడు గడియారం చూసుకుని, "గదే సార్, దానికి పరిహారమేమన్న ఉంటే జల్ది చెప్పున్రి, బస్సున్నది" అన్నాడు.

"ఏమండీ, మీ కస్టమర్లు ఇంకా మెట్ల మీదున్నారు. టోకెన్లు ఇమ్మంటారా?" అనేది వేదవతి లోపలి నుంచి.

అందరికీ ధర్మారావు చెప్పిన సమాధానం ఒకటే: ఇది చదువుకునేది, పాటించేది కాదు. అందరూ దాన్ని వినయంగా భావించారు. కొన్నాళ్లకు రద్దీ తగ్గింది. అప్పుడు కింది వాటాలో, కమలవ్వ నెత్తిన బల్లి పడింది.

కమలవ్వ సంగతి కొంచెం చెప్పాలి. భర్త పోయాక నారాయణగూడలో ఉన్న మల్గీని, అంటే రోడ్డు మీది దుకాణపు గదిని, ఖాళీ చెయ్యనన్న కిరాయిదారుతో ఏళ్ల తరబడి కోర్టులో పోరాడి గెలిచిన మనిషి. ఇప్పుడు దాంట్లో ఆమె కొడుకు గోవర్ధన్ ఫ్యాన్లూ మోటార్లూ అమ్ముతున్నాడు. ఆమెకు కంట్లో నీటికాసుల జబ్బు. కంటిలో ఒత్తిడి పెరిగి, లోపలి నరం ఎండిపోతూ వస్తుంది. ఎడమకన్ను అంతకు రెండేళ్ల ముందే, ఆపరేషన్ చేయించినా, పోయింది. ఇప్పుడు కుడికన్ను అదే దారిన పడింది. ఆపరేషన్‌కు శుక్రవారం ముహూర్తం డాక్టరే పెట్టాడు. ఆలస్యమైతే ఉన్న చూపు పోతుంది, పోయిన చూపు రాదు అని కూడా చెప్పాడు.

మంగళవారం ఆమె పూజగదిలో దీపం పెడుతుండగా పటం వెనక నుంచి బల్లి జారి సూటిగా నడినెత్తి మీద పడింది. నెత్తిన పడితే ఏమని ఉందో పంచాంగం తీసి చూడనక్కర్లేదు. ప్రాణగండమని ఆ వీధిలో పిల్లలకు కూడా తెలుసు. కమలవ్వ దీపం పెట్టి, స్నానం చేసి వచ్చి, ఆపరేషన్ వద్దని ప్రకటించింది.

గోవర్ధన్ సాయంత్రం దుకాణం మూసి నేరుగా పై వాటాకు వచ్చాడు.

"సార్, మా అవ్వ పరేషాన్ జేస్తున్నది. జర మీరు చెప్పాలె."

"నేనేం చెప్పనయ్యా? డాక్టరు గారే చెప్పారుగా."

"డాక్టరు మాట ఇంటలేదు. బల్లి మాట ఇంటున్నది."

కంచిలో బంగారు బల్లిని తాకినవాళ్లకు బల్లిదోషం ఉండదంటారు కదా, తాకి వచ్చినవాళ్లను ముట్టుకున్నా చాలంటారు కదా, ఆ దారి లేదా అని వేదవతి అడిగింది. వేదవతికి అలాంటి వాటి మీద నమ్మకం లేదు. కానీ లెక్క తేలే దారి ఏదైనా ఆమెకు సమ్మతమే.

"అయిపోయింది మేడం అది" అన్నాడు గోవర్ధన్. "ఎడమకన్ను ఆపరేషన్ ముంగట గూడ బల్లి పడ్డది. కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకొచ్చినం. పంతులు ఏం గాదన్నడు. అప్పటి డాక్టరు నూటికి నూరుపాళ్లు గ్యారంటీ అన్నడు. నేను గూడ ఏం గాదవ్వా అన్న. కన్ను పోయింది. ఇప్పుడు కంచి పేరెత్తితే కొట్టనీకొస్తది."

మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు ఆమెకు మీ ఒక్కరి మీదనే గురి ఉన్నది సార్. సారు పుస్తకంల ఏమున్నదో కనుక్కో అన్నది. మీరొక్క మాట చెప్పున్రి. శుభమని రాసున్నదని చెప్పున్రి. గంతే."

ధర్మారావు లోపలికి వెళ్లి, తన దగ్గరున్న బల్లిశకునాల జిరాక్సు కాగితాలు తీశాడు. ఎన్నోసార్లు చదివినవే. అయినా మళ్లీ చదివాడు. ఆ పలకలో వరస కనిపిస్తూనే ఉంది. బల్లి మనిషి నెత్తిన పడితే, అన్నంత వరకు అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి. అక్కడ పలక విరిగింది. ఫలితం రాసిన భాగం ఊడిపోయింది. దానికి మరో ప్రతి ఆయనకు తెలిసినంతలో లేదు.

"విరిగిందయ్యా" అన్నాడు బయటికొచ్చి.

"ఏం విరిగింది సార్?"

"సరిగ్గా ఆ వాక్యమే."

"మంచిదాయె గద!" గోవర్ధన్ ముఖం విప్పారింది. "ఎవరు జూసిండ్రు సార్? మీరు రాసుకోన్రి శుభమని."

అతను వెళ్లాక వేదవతి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు సర్దుతూ సర్దుతూ ఆగి, "ఏ బాబిలోనియా వాడు వచ్చి మీ మీద కేసు పెడతాడు? ఒక్క మాట. దానితో ఒక కన్ను నిలుస్తుంది. మీ ఖాళీ బ్రాకెట్లు ఎవరికి కావాలి?" అంది.

ధర్మారావు జిరాక్సు కాగితాలు మళ్లీ ముందు పెట్టుకున్నాడు. ఒక పక్కన తన నియమం. ఇంకో పక్కన రోజూ తనను పలకరించే ముసలమ్మకు మిగిలిన ఒకే కన్ను. ఈ రెంటినీ త్రాసులో పెట్టి చూసి, నియమం బొత్తిగా తూగటం లేదని ఆయనే ఒప్పుకున్నాడు. అబద్ధం చెప్పాలని నిర్ణయించుకున్నాడు. అలవాటు లేని పని కాబట్టి మరుసటి ఉదయం మెట్లు దిగుతూ, "శుభం, దీర్ఘాయువు" అని రెండుసార్లు పైకే అనుకుని చూసుకున్నాడు.

కమలవ్వ వరండాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కన్ను సరిగా ఆనక, వేళ్లతో తడిమి ఈనె తీస్తోంది. గోవర్ధన్ స్తంభానికి ఆనుకుని నిలబడి, ధర్మారావుకు కళ్లతో ధైర్యం చెప్పాడు.

"రా సారూ. జూసినవా?"

"చూశానండీ."

"ఏమున్నది?"

"శుభ..." అన్నాడు ధర్మారావు.

కమలవ్వ చేతులు ఆగాయి. తల ఎత్తి ఆయన వైపు, ఆయన గొంతు వచ్చిన వైపు, ఉన్న కన్నుతో చూసింది.

"...విరిగిపోయిందండీ" అన్నాడు ధర్మారావు.

గోవర్ధన్ నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు.

"ఏంది?"

"బల్లి మనిషి నెత్తిన పడితే, అన్నంత వరకు ఉంది. ఆ తర్వాత ఏమవుతుందో రాసిన ముక్క విరిగిపోయింది. దొరకలేదు. మంచో చెడో నాకు తెలీదు."

"నీకొక్కనికే తెల్వదా, ఎవ్వలికీ తెల్వదా?"

"లండన్‌లో మ్యూజియంలో దాన్ని దాచిపెట్టుకున్నవాళ్లకు కూడా తెలీదు."

కమలవ్వ ఒక చిక్కుడుకాయ తీసుకుని నెమ్మదిగా తుంచింది. "ఈ డాక్టరు గూడ గట్లనే అన్నడు" అంది. "చూపు నిలవచ్చు, నిలవకపోవచ్చు, నాకు తెల్వదు, జెయ్యకుంటె మాత్రం పోతదన్నడు. గప్పుడు నాకు కోపమొచ్చింది. గిదేం డాక్టరని." మళ్లీ ఒక కాయ తీసింది. "మొదటి డాక్టరు గ్యారంటీ అన్నడు. పంతులు గ్యారంటీ అన్నడు. వీడు గూడ అన్నడు, నా కొడుకు. ముగ్గురూ ఏం గాదన్నంక కన్ను పోయింది. ఇగో సారూ, నువ్వు శుభమని అనుంటె నేను శుక్రవారం కాలు బయట పెట్టకపోదు."

గోవర్ధన్ నెత్తి మీది చేయి దింపాడు. ఎక్కడ పెట్టుకోవాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఆపరేషన్‌కు వెళ్తారా?" అన్నాడు ధర్మారావు.

"నిలబడు, గంత జల్దేంది? చెడ్డదైతే వాళ్లేం జేసెటోళ్లు? చేతులు ముడుచుకొని కూసునెటోళ్లా?"

ఈ ప్రశ్నకు సమాధానం విరిగిపోలేదు. దాని మీద ధర్మారావు దగ్గర కాగితాల కట్టే ఉంది. శకునం అంటే వాళ్లకు తీర్పు కాదని చెప్పాడు. దేవతలు పంపిన నోటీసు మాత్రమే. దాన్ని రద్దు చేయించుకోవటానికి ఒక తంతు ఉండేది. దోషం తగిలిన మనిషి, సూర్యుడి ముందు నిలబడి మొరపెట్టుకుంటాడు. వాళ్లకు సూర్యుడు న్యాయమూర్తి. ఒక పక్కన మనిషి, ఇంకో పక్కన ఆ శకునం తెచ్చిన జంతువు. ఇద్దరి మధ్యా వ్యాజ్యం విని, సూర్యుడు తీర్పు ఇవ్వాలి.

కమలవ్వ ముఖంలో, నారాయణగూడ మల్గీ కేసు గెలిచినప్పటి వెలుగు వచ్చింది.

"అంటే బల్లి మీద అప్పీలు జేసుకోవచ్చా?"

"ఒక రకంగా..."

"స్టే గూడ ఇస్తడా?"

"ఏకంగా కొట్టేస్తాడండీ."

"గట్ల చెప్పు మరి! ఇన్నొద్దులు బిస్కట్లు జేసుకుంట కూసున్నవ్, గిది ఎందుకు చెప్పలే? రేపు పొద్దుగాల పెట్టు."

తాను పురోహితుణ్ణి కానని, వీటిని నమ్మనని, చదువుకున్నవాణ్ణి మాత్రమేనని ధర్మారావు మనవి చేసుకున్నాడు.

"నమ్ముమని ఎవలడిగిండ్రు? చదువుమన్న. మా వకీలు నన్ను నమ్మిండా? కాయితం చదివిండు, కేసు గెలిచినం."

మధ్యాహ్నానికి సామగ్రి దగ్గర చిక్కు వచ్చింది. రొట్టె ఉంది. ఖర్జూరాలు చిక్కడపల్లిలో దొరికాయి. కానీ ఆ తంతులో సూర్యుడి ముందు బీరు ధారగా పొయ్యాలి. రాష్ట్రంలో ఆ ఏడే మద్యనిషేధం వచ్చింది. బాబిలోనియా ప్రభువులు ఈ పరిస్థితిని ఊహించలేదు.

"బీరెందుకు?" అంది కమలవ్వ. "కల్లు తెప్పిస్త, దానికైతె బందు లేదు. మా ఎల్లమ్మ తల్లికి సాక పొయ్యమా? గదే ఇది. గోవర్ధన్, పొద్దుగాల పోయి ముంత పట్టుకరా. మంచిది తే, పుల్లది తేకు."

అలా గురువారం తెల్లవారగానే, కోస్తా బ్రాహ్మణ కుటుంబం అద్దెకున్న వాటా మీది డాబా పైకి కల్లుముంత ఎక్కింది. వేదవతి మెట్ల దగ్గర నిలబడి, "మా నాన్నగారు పైనుంచి చూస్తుంటే, ఈపాటికి కళ్లు మూసుకుని ఉంటారు" అంది. అన్నదే కానీ, ఇటుకల మీద గుడ్డ పరిచి, రొట్టె, ఖర్జూరాలు సర్దింది ఆమే.

ప్రతివాదిగా బల్లి హాజరు కావాలి. ధర్మారావు మట్టితో చేశాడు. అక్షరాలు నొక్కటంలో ఉన్న నేర్పు బొమ్మలు చెయ్యటంలో లేదు. అది మొసలిలా వచ్చింది.

"గిది నా మీద పడుంటె ఆపరేషన్ అక్కర లేకపోవు" అంది కమలవ్వ, తడిమి చూసి.

బాగ్‌లింగంపల్లి వైపు నుంచి, నీళ్లట్యాంకుల మధ్యగా సూర్యుడు లేచాడు. ధర్మారావు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆ భాషను ఇంకొకరికి వినిపించాలని పైకి చదవటం అదే మొదలు. ఆయన ఉచ్చారణ తప్పయితే దిద్దేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. అయినా మాట మాటకూ కాగితం మీద వేలు పెట్టుకున్నాడు. భూమికీ ఆకాశానికీ రాజువని, పైలోకానికీ కిందిలోకానికీ న్యాయమూర్తివని సూర్యుణ్ణి పిలిచాడు. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగాడు.

ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. నేను, ఫలానా వారి సంతానమైన ఫలానాను, నా దేవుడు ఫలానా, నా దేవత ఫలానా, అని ఉంటుంది. చదివిన ప్రతిసారీ ఆయన "ఫలానా" అనే చదువుకుంటూ పోయాడు. అది విరిగిన చోటు కాదు. రాసినవాడు కావాలని వదిలిన చోటు. ఎవరో ఒకరు భయపడుతూ వచ్చి అక్కడ నిలబడతారని తెలిసి వదిలిన చోటు. ఇన్నాళ్లూ అక్కడ మనిషి లేకుండానే తాను చదువుతున్నానని ఆయనకు డాబా మీద నిలబడి ఉండగా తోచింది.

"ఏమాయె సారూ? గిక్కడ గూడ విరిగిందా?"

"లేదండీ. మీ పేరు చెప్పాలి. మీ నాన్నగారి పేరు కూడా. కొలిచే దేవుడు, దేవత."

"మా నాయిన పేరా?" అంది కమలవ్వ. కోర్టు కాగితాల్లో, ఓటరు జాబితాలో, ఆస్పత్రి చీటీలో అంతటా ఆమె ఫలానా వారి భార్య. "కురుమయ్య" అంది. "కురుమయ్య బిడ్డ కమలవ్వ. ఆయన పేరు నోట్లకెళ్లి వచ్చి ఎన్నేండ్లాయెనో. దేవుడు యాదగిరి నర్సింహస్వామి. దేవత ఎల్లమ్మ."

ధర్మారావు ఆ నాలుగు పేర్లనూ బాబిలోనియా వాక్యంలో వాటి వాటి చోట్ల పెట్టి, మొదటి నుంచి మళ్లీ చదివాడు. ఈసారి కాగితం వైపు చూడలేదు. కమలవ్వ సూర్యుడి వైపు చేతులు జోడించి, కల్లు ధారగా పోసింది. గోవర్ధన్ మట్టి మొసలిని కాగితంలో చుట్టుకుని స్కూటర్ మీద మూసీలో వదలటానికి వెళ్లాడు. దోషాన్ని ఏరు మోసుకుపోవాలని ఆ తంతులో ఉంది. మూసీ అప్పటికే చాలా మోస్తోంది, ఇంకొకటి లెక్క కాదు.

శుక్రవారం ఆపరేషన్ జరిగింది. ధర్మారావు ఆఫీసుకు సెలవు పెట్టి ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. వేదవతి బడి అయ్యాక వచ్చి పక్కన కూర్చుంది. "ఇప్పుడు మీకు నమ్మకం వచ్చిందా?" అని అడిగింది. "రాలేదు" అన్నాడు. "మరి ఎందుకు ఇంత భయపడుతున్నారు?" అంది. ఈ ప్రశ్న కూడా ఆయనకు కొత్తదే.

కట్టు విప్పాక డాక్టరు చాలాసేపు చూసి, ఒత్తిడి తగ్గిందని, ఉన్న చూపు నిలుస్తుందనే అనుకుంటున్నానని, అయినా ఏడాది దాకా తరచూ వచ్చి చూపించుకోవాలని చెప్పాడు. గోవర్ధన్‌కు ఆ మాట ఇంకొంచెం గట్టిగా ఉంటే బాగుండేదనిపించింది. కమలవ్వకు అదే సరిగ్గా సరిపోయింది.

సంగతి వీధిలో పొక్కింది. పత్రికవాళ్లు వారం వారం బాబిలోనియా బల్లి ఫలాలు రాయమని ధర్మారావుకు కబురు పెట్టారు. సగానికి సగం విరిగిపోయాయని ఆయన జవాబు పంపాడు. మిగతా సగం రాయమన్నారు. ఆయన రాయలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం, ఆఫీసుకు వెళ్లబోతూ ఆయన వరండాలో ఆగాడు. కమలవ్వ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మందు చుక్కలు వేయించుకుని కూర్చుంది.

"ఎలా ఉందండీ?"

"నీ ముక్కు కనబడుతున్నది. గది చాలు." ఆమె కొంచెం ముందుకు వంగింది. "సారూ, ఒకటడుగుత. ఆ బల్లి దేశపోళ్లున్నరు గద. వాళ్లకు గూడ కండ్లు పోయేటియా?"

ధర్మారావు చేతిలోని టిఫిన్ డబ్బాను మెట్టు మీద పెట్టాడు.

"పోయేవండీ. వైద్యులుండేవారు. కంచుకత్తితో కంటికి ఆపరేషన్ చేసేవారు."

"కంచుకత్తా! మరి కన్ను పోతే?"

ఈ విషయాన్ని ఆయన ఆ మంగళవారం నుంచి, అంటే బల్లి పడిన నాటి నుంచి, నాలుక చివర పట్టుకుని ఉన్నాడు. ఆపరేషన్‌కు ముందు చెప్పదగ్గది కాదు.

"పెద్దమనిషి కన్ను పోగొడితే వైద్యుడి చేతులు నరకాలని ఒక రాజు శాసనం రాయించాడు."

కమలవ్వ నోరు తెరిచి, కళ్లద్దాలు కదిలేలా నవ్వింది. "మా మొదటి డాక్టరు గప్పుడు పుట్టకపోయె! అయితే సారూ, పెద్దమనిషి కన్నంటివి. బీదోనిదైతే?"

"అది వేరే రాశారు. బానిస కన్నుకు కూడా వేరే ఉంది."

"ఆడదాని కన్నయితే?"

ధర్మారావు చెప్పబోయి ఆగిపోయాడు. ఆ శాసనం ఆయన ఎన్నిసార్లు చదివాడో చెప్పలేం. ఆ చోట ఆడవాళ్ల ఊసు విడిగా లేదు. ఎందుకు లేదో ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఎవరూ అడగనూ లేదు.

"తెలీదండీ" అన్నాడు.

"తెల్వదా, విరిగిందా?"

"విరగలేదు. అక్కడ రాయలేదు. ఇంకెక్కడైనా ఉందేమో చూడాలి."

"చూడు మరి. నేనెక్కడికి పోత? మందు ఆరేదాక గిక్కడనే ఉంట."

ధర్మారావు గేటు దాటి, బషీర్‌బాగ్ బస్సు కోసం కుడివైపు తిరగవలసినవాడు ఎడమవైపు, గ్రంథాలయం వైపు తిరిగాడు. వేదవతి పైనుంచి, "ఏమండీ, టిఫిన్ డబ్బా!" అని అరిచింది. వినిపించుకున్నట్టు లేదు. అప్పటికే ఆయన రోడ్డు దాటుతున్నాడు.